ఆర్నెల్ల చెరువుకి చిన్న చేపపిల్లా, ఏడాది చేపపిల్లా?

గుణుపురం_గట్టు: గెడ్డ (వాగు) నీరు జూలైలో చేరి ఫిబ్రవరికి అడుగంటే చెరువుల సంగతి. ఎకరానికి నాలుగంగుళాల పిల్ల 3,000 వదలడం ఇక్కడ అలవాటు. పట్టేసరికి చాలావరకు అరకేజీ దాటదు, సంతలో చిల్లర ధరే. 150 గ్రాముల ఏడాది పిల్ల 1,200 చాలంటాను: శీలావతి 900, బొచ్చె 200, మోసు 100. డిసెంబరు చలికి చేప మేత తగ్గించేస్తుంది. అసలు ఎదుగుదలంతా నవంబరులోపే. ఆ నాలుగు నెలల్లో సగం చిన్న పిల్ల పిల్లగానే గడిపేస్తుంది.

కాశీనగర్_వల: తెచ్చేదెలా గురూగారూ? ఏడాది పిల్ల ఆక్సిజన్ కవర్లో రాదు. నీటి ట్యాంకులో గాలి పంపు పెట్టి కైకలూరు నుంచి రాత్రంతా తేవాలి. పొలుసు ఊడిన పిల్ల వారంలోపే బూజు పట్టి తేలుతుంది. 2018 అక్టోబరు తిత్లీ తుపాను లాంటి వాన పడి గట్టు పొర్లితే పోయేది ఖరీదైన సరుకు.

గుణుపురం_గట్టు: కైకలూరు దాకా ఎందుకు? పది సెంట్ల గుంటలో అంగుళం పిల్ల 2,000 వేసి, మేత అరకొరగా పెట్టి ఏడాది ఉంచితే అక్కడే తయారవుతుంది. మార్చే ముందు రోజంతా మేత ఆపాలి. కడుపు నిండిన పిల్ల దారిలోనే నీళ్లు పాడు చేస్తుంది. పొర్లుకట్టకి వల ముందే బిగించాలి, వాన మొదలయ్యాక కాదు.

రాయగడ_సున్నం: ఇద్దరూ పిల్ల దగ్గరే ఆగిపోయారు. అడుగున కొర్రమీను, జెల్ల మిగిలితే నాలుగంగుళాల పిల్ల దానికి పలారమే. అవి చావాలంటే నీరు మోకాలిలోతు ఉన్నప్పుడే ఇప్పచెక్క (నూనె తీసిన ఇప్పగింజల పిప్పి) నానబెట్టి చల్లండి. ఎకరానికి అరమీటరు నీటికి 500 కిలోలు. చెరువు నిండాక అయితే రెండింతలు, మూడింతలు ఖర్చు. దాని విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వదిలే ముందు పది పిల్లల్ని చిన్న వలసంచిలో ఒక రోజు ఉంచి చూడాలి. గెడ్డ నీరు వచ్చే తూముకి సన్నకన్ను వల తప్పదు.

మన ఎర్రనేల పులుపు నేల. మట్టి పీహెచ్ 6.5 లోపు ఉంటే ఎకరానికి 400 కిలోల సున్నం కావాలి. సగం ముందు, మిగతాది నెలనెలా కొంచెం. సున్నం తక్కువైతే ఎంత పేడ వేసినా నీరు పచ్చబడదు. మోచేతిదాకా చెయ్యి ముంచితే వేళ్లు లీలగా కనపడాలి. అరచేయే కనపడకపోతే ఎరువు ఆపండి.

కాశీనగర్_వల: సున్నం మాట ఒప్పుకుంటా. మేత లెక్క ఎవరూ చెప్పలేదు. 1,200లో పదో వంతు పోయి, మిగతావి 750 గ్రాములకొస్తే 810 కిలోలు. వదిలిన 180 తీసేస్తే పెరిగింది 630. పెరిగిన కిలోకి రెండున్నర, మూడు కిలోల మేత లెక్కన దాదాపు టన్నున్నర నుంచి రెండు టన్నులు.

గుణుపురం_గట్టు: అవుతుంది. తవుడు నాలుగు పాళ్లు, వేరుశనగ చెక్క ఒక పాలు. కన్నాలు పెట్టిన సంచులు ఎకరానికి పది, వెదుళ్లకి కట్టాలి. రెండు గంటల తర్వాత సంచిలో మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు అసలు వద్దు. తెల్లవారుజామున చేప ఊపిరాడక నోరు తెరుచుకుని పైకొచ్చాక పరిగెత్తితే లాభమేముంది.

కాశీనగర్_వల: ఇదంతా వేసవిలో గుంట ఎండని వాళ్లకి, అంటే బోరున్న వాళ్లకి. లేనివాళ్లు ఆరంగుళాల పిల్ల 1,800 వేసి, నవంబరు చివర పెద్దకన్ను వలతో పెద్దవి ఏరి అమ్మితే మిగిలినవాటికి చోటు దొరుకుతుంది. అప్పటికి నీరూ తగ్గుతుంది కదా.