జన్యుమార్పిడి పంటల భద్రత: పరీక్ష కంపెనీదే అయితే ఫలితాన్ని నమ్మేదెలా?

విత్తనప్రేమి:
జీఎం (జన్యుమార్పిడి) పంటను అమ్ముకునే కంపెనీయే ఎలుకల మీద పరీక్షలు చేయించి, ఆ నివేదిక పట్టుకెళ్లి నియంత్రణ సంస్థకు ఇస్తుంది. వాళ్లు కాగితాలు చదివి అనుమతి ఇస్తారు. చాలా దేశాల్లో జరిగేది ఇదే. పరీక్ష రాసినవాడి చేతికే పేపర్లు దిద్దమని ఇచ్చినట్టుంది నాకు. మాన్ 863 అనే జీఎం మొక్కజొన్న సంగతి చూడండి. ఎలుకలకు 90 రోజులు తినిపించి చేసిన పరీక్ష పూర్తి వివరాలు వ్యాపార రహస్యమని దాన్ని తయారుచేసిన మోన్శాంటో కంపెనీ బయటపెట్టలేదు. 2005లో జర్మనీ కోర్టు ఆదేశిస్తే గానీ అవి జనానికి అందలేదు. తినే తిండి గురించిన లెక్కలు రహస్యం ఎలా అవుతాయి? అందుకే నా మాట ఒకటే: కంపెనీ డబ్బు తగిలిన ఏ అధ్యయనాన్నీ భద్రతకు రుజువుగా తీసుకోకూడదు.

సూక్ష్మదర్శిని:
డేటా దాచడం తప్పేనండీ, అందులో మీతోనే ఉన్నాను. మీ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. స్వతంత్ర పరిశోధనే లేదన్నట్టు మాట్లాడుతున్నాం కానీ అది నిజం కాదు. ప్రజల సొమ్ముతో నడిచిన 130కి పైగా ప్రాజెక్టుల ఫలితాలను యూరోపియన్ కమిషన్ 2010లో ఒకచోట చేర్చింది. వాటిలో 500కి పైగా పరిశోధన బృందాలు పనిచేశాయి. జీఎం అయినంత మాత్రాన పంటకు అదనపు ప్రమాదం ఉందని తేలలేదు. 2016లో అమెరికా జాతీయ అకాడమీల కమిటీ 900కి పైగా పరిశోధనలు చూసి, ఆరోగ్యం విషయంలో దాదాపు అదే చెప్పింది.

ఇక 'స్వతంత్రం' అన్న ముద్ర ఉంటే నాణ్యత దానంతట అదే వస్తుందా? 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త సెరాలినీ బృందం ఎన్‌కే 603 అనే జీఎం మొక్కజొన్న తిన్న ఎలుకలకు కణితులు వచ్చాయని ప్రచురించింది. ఒక్కో గుంపులో పదేసి ఎలుకలే. పైగా ఆ జాతి ఎలుకలకు రెండేళ్ల వయసు వచ్చేసరికి ఏం తిన్నా తినకపోయినా కణితులు రావడం మామూలే. 2013లో దాన్ని అచ్చేసిన పత్రికే ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది, మరుసటి ఏడాది అది ఇంకో పత్రికలో వచ్చింది. తర్వాత యూరప్ ప్రభుత్వ నిధులతోనే అదే మొక్కజొన్న మీద రెండేళ్ల పరీక్ష చేయించింది. 2018లో ఫలితం వచ్చింది, హాని కనబడలేదు.

ఇంకోటి. పయొనీర్ అనే విత్తన కంపెనీ బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో పెట్టింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఆ గింజ పడనివాళ్ల రక్త నమూనాలతో పరీక్షిస్తే ఎలర్జీ లక్షణం సోయాలోకి కూడా వచ్చిందని తేలింది. కంపెనీ ఆ పంటను ఆపేసింది, ఆ ఫలితం 1996లో అచ్చయింది కూడా. మీ లెక్క ప్రకారం దీన్ని కూడా పక్కన పెట్టాలి.

విత్తనప్రేమి:
బ్రెజిల్ నట్‌తో ఎలర్జీ వస్తుందని ముందే తెలుసు కాబట్టి వెతికారు, దొరికింది. తెలియనిదాన్ని ఎవరు వెతుకుతారు? 2011లో 94 అధ్యయనాలను పరిశీలించిన ఒక వ్యాసం వచ్చింది. రచయితల్లో కంపెనీ ఉద్యోగులు ఉన్నచోట ఫలితం పంటకు అనుకూలంగా రావడం స్పష్టంగా కనబడింది. దీనికేమంటారు?

నాలుగోవరుస:
మీరిద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. విత్తనప్రేమి గారూ, మీరు చెప్పిన ఆ వ్యాసంలోనే ఇంకో మాట ఉంది. డబ్బు ఎవరిదన్నదానికీ ఫలితానికీ అందులో సంబంధం తేలలేదు. సంబంధం తేలింది రచయిత ఎవరి ఉద్యోగి అన్నదానితోనే. ఈ తేడా చిన్నది కాదు.

నా దృష్టిలో అసలు ముడి విత్తనం దగ్గర ఉంది. జీఎం విత్తనం సంచీ కొన్నవాడు ఒక ఒప్పందానికి లోబడతాడు: పంట పండించుకోవచ్చు గానీ పరిశోధన చేయకూడదు. 2009లో మొక్కజొన్న పురుగుల మీద పనిచేసే 26 మంది శాస్త్రవేత్తలు అమెరికా పర్యావరణ సంస్థకు ఈ విషయమే రాశారు. ఈ ఒప్పందాల వల్ల చాలా ముఖ్యమైన ప్రశ్నల మీద స్వతంత్రంగా పరిశోధన చేసే వీలు చట్టపరంగా లేదన్నారు. కంపెనీల సహకారం పోతుందన్న భయంతో తమ పేర్లు బయటికి రానివ్వలేదు. వీళ్లు జీఎం పంటలకు వ్యతిరేకులు కారు, వాటి మీదే బతుకుతున్నవాళ్లు. అదే నన్ను బాధపెట్టింది. ఆ తర్వాత విత్తన కంపెనీల సంఘం కొన్ని నియమాలు ఒప్పుకుంది, విశ్వవిద్యాలయాలకు దారి కొంత తెరుచుకుంది. కానీ అది కంపెనీ ఇచ్చిన అనుమతే తప్ప పరిశోధకుడికి దక్కిన హక్కు కాదు.

విత్తనం ఒక్కటి దొరికితే సరిపోదు. మార్పు చేయని జోడు రకం కూడా కావాలి, అంటే ఆ ఒక్క జన్యువు తప్ప మిగతా అంతా అదే అయిన విత్తనం. అది లేకపోతే కనబడిన తేడా జన్యువు వల్ల వచ్చిందా, రకం వల్ల వచ్చిందా, నేల వల్ల వచ్చిందా చెప్పలేం. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ జోడు విత్తనం కోసం ఎదురుచూసి చూసి, ఒక పంటకాలం పోయాక నా ప్రశ్ననే మార్చుకున్నాను. అచ్చు కాని పరిశోధనలు ఎవరి లెక్కలోకీ రావు. మొదలే కాని పరిశోధనలు అసలు కనబడవు.

విత్తనం చేతులు మారితే ఏమవుతుందో బఠాణీ కథ చూపిస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ సీఎస్ఐఆర్ఓ పురుగును తట్టుకునేలా బఠాణీలో చిక్కుడు జాతి జన్యువు పెట్టింది. చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో వాపు కనబడిందని 2005లో తనే ప్రచురించి, పంటను వదిలేసింది. 2013లో వేరే బృందం మళ్లీ పరీక్షిస్తే, జన్యువు మార్చని చిక్కుడుకీ చిట్టెలుకలు అలాగే స్పందించాయి. మొదటి ఫలితాన్ని జీఎం వ్యతిరేకులు ఇప్పటికీ చెబుతారు, రెండోది చెప్పరు. రెండోది చెప్పేవాళ్లు మొదటిది ఎత్తరు. ఇంకొకరికి ఆ బఠాణీ అందకపోయి ఉంటే మనకు సగం కథే తెలిసేది.

మోనార్క్ సీతాకోకచిలుకల విషయం కూడా అంతే. 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ల్యాబ్‌లో బీటీ మొక్కజొన్న (పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే జీఎం రకం) పుప్పొడి చల్లిన ఆకులు తినిపిస్తే గొంగళిపురుగులు చనిపోయాయి. పెద్ద గొడవైంది. అమెరికా వ్యవసాయ శాఖ, కంపెనీలు కలిసి నిధి పెట్టాయి, వేర్వేరు విశ్వవిద్యాలయాల వాళ్లు పొలాల్లోకి దిగి పుప్పొడి ఆకు మీద ఎంత పడుతుందో లెక్కగట్టారు. 2001లో వ్యాసాలన్నీ ఒకేసారి వచ్చాయి: చాలా రకాలతో ప్రమాదం అతి స్వల్పం, కానీ ఈవెంట్ 176 అనే ఒక్క రకం పుప్పొడి మాత్రం విషపూరితం. ఆ రకం మార్కెట్ నుంచి తప్పుకుంది. అందులో కంపెనీ డబ్బు ఉందండీ. ఐనా కంపెనీకి నచ్చని ఫలితం అచ్చయింది, ఎందుకంటే ప్రశ్న వేసిందీ, లెక్క చూసిందీ, రాసిందీ కంపెనీ ఒక్కటే కాదు.

సూక్ష్మదర్శిని:
విత్తనం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని తేలిగ్గా తీసుకున్నాను. యూరప్‌లో 2021 మార్చి నుంచి కొత్త నియమం ఉంది. అనుమతి కోసం చేయించే అధ్యయనం ఏదైనా మొదలుపెట్టక ముందే ఆహార భద్రత సంస్థకు తెలియజేయాలి, దరఖాస్తుతో ఇచ్చిన డేటా బయట పెట్టాలి. నచ్చని పరీక్షను చడీచప్పుడు లేకుండా మూలన పడేయడం ఇక కష్టం. మాన్ 863 లాంటిది మళ్లీ జరగకుండా ఇది కొంత అడ్డుపడుతుంది.

విత్తనప్రేమి:
నాలుగోవరుస గారు చెప్పిన సీతాకోకచిలుకల కథ చదివాక నా మొదటి మాటను సవరించుకుంటున్నాను. కంపెనీ డబ్బు ఉండొచ్చు, కానీ పరీక్ష మీద కంపెనీ పెత్తనం ఉండకూడదు. ప్రతి దరఖాస్తుతో పాటు ఫీజు కట్టించుకుని ఉమ్మడి నిధిలో వేసి, ల్యాబ్‌ను నియంత్రణ సంస్థే ఎంచుకోవాలి. విత్తనం, జోడు రకం రెండూ ప్రభుత్వ విత్తన నిల్వలో పెట్టాకే అనుమతి ఇవ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. కలుపు మందును తట్టుకునే పంటల్లో గింజకు ఒక చోట అనుమతి, మందుకు ఇంకో చోట అనుమతి. పొలంలో మాత్రం ఆ రెండూ కలిసే ఉంటాయి. సూక్ష్మదర్శిని గారు చెప్పిన 2016 నివేదికే మందుకు లొంగని కలుపు చాలాచోట్ల పెద్ద సమస్య అయిందని రాసింది. ఎన్నేళ్లు, ఎంత మందు, ఏ పంట మీద అన్నది కలిపి చూసే పరీక్ష ఎవరి బాధ్యత? దీని గురించి మీరిద్దరూ ఇంకా ఏమీ చెప్పలేదు.