మంత్రి ఉండీ డ్రా ఏంటండీ? స్టేల్‌మేట్‌ని గెలుపుగానే లెక్కించాలి

పాప_నాన్న
మొన్న ఆదివారం పిల్లల చెస్ టోర్నమెంట్‌లో మా పాపకి ఆఖరి రౌండ్. పాప దగ్గర రాజు, మంత్రి. అవతలి బాబు దగ్గర రాజు, ఒకే ఒక్క బంటు. తాడు బయట నిలబడ్డ నేను అప్పటికే మనసులో స్వీట్లు పంచేశాను. బంటు ఎఫ్2లో ఉంది (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస), పక్కనే జి1లో వాడి రాజు. పాప మంత్రిని జి3లో పెట్టి చెక్ చెప్పింది. వాడు బంటుని గాలికొదిలేసి రాజుని హెచ్1 మూలకి జరిపాడు. పాప ఎగిరి గంతేసినంత పని చేసి బంటుని కొట్టేసింది. వాడు వెంటనే చెయ్యెత్తి ఆర్బిటర్‌ని, అంటే రిఫరీని పిలిచాడు. స్టేల్‌మేట్, అంటే చెక్ లేదు గానీ వాడికి ఆడటానికి ఒక్క ఎత్తూ లేదు. చెరో అర పాయింటు.

నా ప్రశ్న ఒక్కటే. కదలడానికి గడి కూడా మిగలనివాడు ఓడినట్టు కాదా? వాడికి అర పాయింటు దేనికి?

ఎత్తుకి_పైఎత్తు
అన్నా, మీరు ఒంటరి కాదు. 1894 నుంచి 1921 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న లాస్కర్ కూడా స్టేల్‌మేట్ చేసినవాడికి అర పాయింటు కన్నా ఎక్కువ ఇవ్వాలనే అన్నాడు. రాజుని ఎటూ కదలకుండా కట్టేయడమే కదా ఆట!

శకటు64
పిల్లలకి నేర్పేవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి. బంటు మంత్రి కావడానికి ఒక్క అడుగు దూరంలో ఉంది, వాడి రాజు దాని పక్కనే ఉంది, మన రాజు ఎక్కడో ఉంది అనుకోండి. బి, డి, ఇ, జి నిలువు వరుసల బంట్ల మీద మంత్రి గెలుస్తుంది. ఎ, సి, ఎఫ్, హెచ్ అయితే మామూలుగా డ్రా. ఈ తేడా మొత్తం స్టేల్‌మేట్ పుణ్యమే.

బోర్డు వేసుకుని చూడండి. నల్ల బంటు ఇ2, నల్లరాజు సి2, మన మంత్రి ఇ4లో ఉండి చెక్ చెప్పింది. రాజు డి2కి వస్తాడు. డి4 నుంచి చెక్ చెబితే మళ్ళీ సి2. ఇప్పుడు చెక్ చెప్పకుండా మంత్రి ఇ3కి. బంటుని కాపాడాలంటే రాజు డి1కి వెళ్ళక తప్పదు. డి3 నుంచి చెక్. బంటు పోకూడదంటే రాజు ఇ1లో, అంటే సొంత బంటు దారికే అడ్డంగా కూర్చోవాలి. వాడు దారి మూసుకున్న ఆ ఒక్క ఎత్తులో మన రాజు ఒక అడుగు ముందుకేస్తాడు. మంత్రి మళ్ళీ మెట్లు దిగుతుంది, రాజు ఇంకో అడుగు. మా పిల్లలు దీన్ని మెట్లాట అంటారు.

ఎఫ్ బంటు దగ్గర ఈ మెట్లు విరిగిపోతాయి, ఎందుకంటే వాడు బంటు ముందుకి రాడు, మూలకి పోతాడు. బంటుని తింటే డ్రా, తినకపోతే అది మంత్రి అవుతుంది. మీరడిగినట్టు రూల్ మారిస్తే ఎనిమిది వరుసలూ ఒకటే అయిపోతాయి. ఇంక నేర్చుకోవడానికి ఏముంటుంది?

ఎత్తుకి_పైఎత్తు
నేర్పడానికి ఏమీ మిగలదని రూల్ ఉంచుకోమంటారా మాస్టారూ? బాగుంది వాదన. మీ ట్యూషన్ ఫీజు కోసమా? 😄

పాత_క్లబ్బు
గొడవ పాతదే. చదరంగం పాత రూపమైన షత్రంజ్‌లో కదల్లేనివాడు ఓడినట్టే. 17, 18 శతాబ్దాల ఇంగ్లండ్‌లో ఇంకా విచిత్రం, స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్టు! డ్రా అన్న రూల్ అక్కడ కుదురుకున్నది 19వ శతాబ్దం మొదట్లో.

కానీ ఒకటి గమనించండి. షత్రంజ్ కాలంలో మంత్రి కోణంగా ఒక్క గడే కదిలేది. మనం ఇంకా మంత్రి అనే అంటున్నాం గానీ, 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో దానికి ఇప్పటి బలం వచ్చింది. అంత బలం చేతిలో ఉన్నవాడు ఒంటరి రాజుకి ఊపిరాడకుండా చేసి ఆటకట్టు చేయలేకపోతే, పూర్తి పాయింటు అడగడానికి నాకైతే మొహం చెల్లదు.

గడియారం_గోల
అసలు అన్యాయం వేరే ఉంది. ఆ స్థితిలో మంత్రి ఉన్నవాడి ఫ్లాగ్ పడితే, అంటే గడియారంలో టైం అయిపోతే, ఒంటరి బంటువాడికి పూర్తి పాయింటు! బంటు ఎప్పటికైనా మంత్రి అయి ఆటకట్టు చేసే వీలు ఉంది కాబట్టి అంటారు. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆటలో) నాకు రెండుసార్లు తగిలింది. ముందు దీని సంగతి చూడండి.

శకటు64
అది వేరే దారం తమ్ముడూ, ఇక్కడ కలపకు.

పాప నాన్నగారూ, ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ ఉందా? బంటు ఎఫ్3లో ఉన్నప్పుడు ఏం జరిగిందో చూడాలి. నా అనుమానం అక్కడే.

పాప_నాన్న
ఉంది. బంటు ఎఫ్3, వాడి రాజు హెచ్3. పాప మంత్రి డి4, రాజు బి7. ఎత్తు పాపది. హెచ్8 నుంచి చెక్ చెప్పింది, వాడు జి2కి వచ్చాడు. పాప తన రాజుని ఒక గడి దగ్గరికి తెచ్చుకుంది. వాడు బంటుని ఎఫ్2కి తోశాడు. ఆ తర్వాత చెక్‌ల మీద చెక్‌లు, చివరికి ముందు చెప్పిందే.

శకటు64
చూశారా! డి4 నుంచి మంత్రిని తిన్నగా ఎఫ్2లో కూర్చోబెడితే ఆట అయిపోయేది. బంటుకి దారి బంద్. మంత్రి పక్క గడులన్నీ మంత్రి చూపులోనే ఉంటాయి, వాడి రాజు దగ్గరికి రాలేడు. మన రాజు బి7 నుంచి తీరిగ్గా టీ తాగి రావచ్చు. దొరికిన ప్రతి చెక్ చెప్పేయడం ఈ వయసు పిల్లలందరికీ ఉన్న జబ్బే, పాపని ఏమీ అనకండి.

పాత_క్లబ్బు
ఎ, హెచ్ బంట్లన్నీ డ్రా అని కూడా పాపకి చెప్పకండి మాస్టారూ, రాజు దగ్గర్లో ఉంటే కథ వేరు. నల్లరాజు బి1, బంటు ఎ2. మన రాజు సి4, మంత్రి డి2. మన ఎత్తు. రాజుని బి3కి తేవాలి! వాడు బంటుని మంత్రి చేసుకోనీ, సి2లో ఆటకట్టు. తెలివిగా గుర్రం చేసి చెక్ చెప్పినా, మన రాజు సి3కి జరిగితే ఆ గుర్రమే కదలాలి, కదిలితే పోతుంది. వాడు మూలకి పారిపోతే సి1లో ఆటకట్టు. కొత్త మంత్రి పుట్టి ఒక్క ఎత్తు కూడా ఆడకుండా ఓడిపోవడం చూస్తే భలే ఉంటుంది.

ఎత్తుకి_పైఎత్తు
ఇది నాకు తెలీదు. వేసి చూశా, నిజమే. అయినా లాస్కర్ పక్షమే నేను.

పాప_నాన్న
రాత్రి భోజనాలయ్యాక బోర్డు వేశాం. నేను బంటు వైపు, పాప మంత్రి వైపు. ఇ బంటుతో మూడు ఆటలు. మొదటిసారి రాజుని తీసుకురావడం మర్చిపోయి చెక్‌లు చెబుతూనే ఉంది, నేను నవ్వితే అలిగింది. రెండోసారీ మూడోసారీ గెలిచింది. తర్వాత నేను ఎఫ్ బంటు పెట్టి, ఎఫ్2 దాకా తెచ్చి, రాజుని మూలకి జరిపి చూశా. పాప మంత్రి మీద చెయ్యి వేసి, తీసేసి, నా వంక చూసి "నాన్నా, ఇది తినకూడదు కదా" అంది.

రూల్ మీద నా మాట మాత్రం మారలేదండోయ్.