ఖోండలైట్ పగుళ్లలో ఆకుపచ్చ రేకులు: క్లోరైటేనా?

కొండవాలు:
సింహాచలం కొండ అంచున రోడ్డు కోసం తవ్విన చోట ఖోండలైట్ (లోతున తీవ్రమైన వేడికి మారిన, గార్నెట్ ఉండే రాయి) బయటపడింది. పగుళ్ల మొహాల మీద ముదురాకుపచ్చ రేకులు, వేలితో రాస్తే జారుడుగా తగులుతున్నాయి. పక్కనున్న గార్నెట్ (ఎర్రటి ఖనిజం) గింజల అంచులూ పచ్చబారాయి. ఇది క్లోరైట్ అనే ఆకుపచ్చ రేకుల ఖనిజమా, పచ్చ అభ్రకమా, బలపపు రాయా? క్లోరైటే అయితే అంత వేడిలో పుట్టిన రాతిలోకి ఎలా వచ్చిందండీ?

రాతిపలక:
తుప్పు పట్టిన మొహం వదిలేసి, సుత్తితో కొత్త మొహం తీయండి. గుండుసూదితో ఒక రేకు లేపి, వంచి వదలండి. అభ్రకమైతే స్ప్రింగులా వెనక్కి లేస్తుంది, క్లోరైట్ వంగినట్టే ఉండిపోతుంది. రేకు మరీ చిన్నదైతే ఈ పరీక్షను నమ్మొద్దు. మోస్ కొలతలో (1 అతి మెత్తన, 10 వజ్రం) క్లోరైట్ గట్టిదనం 2 నుంచి 2.5, గోటితో గట్టిగా గీస్తేనే గీత పడుతుంది. బలపానిది 1, గోరు సులువుగా దిగుతుంది. గోటికి అసలు లొంగకుండా పిస్తా రంగులో ఉంటే ఎపిడోట్ అనే మరో ఖనిజం కావచ్చు, అదీ ఇలాంటి పగుళ్లలోనే చేరుతుంది.

పేరు చూసి క్లోరిన్ ఉందనుకోకండి. గ్రీకులో పచ్చ రంగుకున్న మాట అది. నిజానికి ఇదొక కుటుంబం: మెగ్నీషియం ఎక్కువైతే క్లినోక్లోర్, ఇనుము ఎక్కువైతే చామోసైట్.

నీటిజాడ:
మీ రెండో ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. ఖోండలైట్ తయారైనప్పటి వేడి 800 డిగ్రీల పైమాటే, ఆ వేడికి ఇందులో క్లోరైట్ నిలవదు. మీకు కనిపిస్తున్నది తర్వాత పుట్టింది. రాయి చల్లారుతూ విరిగాక పగుళ్ల వెంట నీరు చేరింది, గార్నెట్, బయోటైట్ (నల్ల అభ్రకం) ఆ నీటిని పట్టుకుని క్లోరైట్‌గా మారాయి. నీరు అందకపోతే ఎంత చల్లారినా ఈ మార్పు రాదు. పచ్చదనం పగులు చుట్టూనే ఆగిపోవడానికి కారణం అదే. బయోటైట్ మారేటప్పుడు పొటాషియం బయటికి పోతుంది, టైటానియం అక్కడే రూటైల్, స్ఫీన్ అనే ఖనిజాల సూదులుగానో గింజలుగానో మిగులుతుంది. క్లోరైట్ మధ్యలో అవి కనిపిస్తే అక్కడ మునుపు బయోటైట్ ఉండేదన్నమాట.

కర్ణాటకలోని చిత్రదుర్గ వైపు రాళ్లలో దారి వేరు. అక్కడ పాత లావా రాళ్లు సుమారు 300–500 డిగ్రీలకు వేడెక్కుతూనే పచ్చబడ్డాయి, అందుకే పచ్చదనం రాయంతటా ఉంటుంది. కోణార్క్ వెళ్తే ఖోండలైట్‌నూ క్లోరైట్ రాతినీ ఒకేచోట చూడండి: గుడి కట్టడం చాలావరకు ఖోండలైట్, ద్వారబంధాలు క్లోరైట్ రాయి. మెత్తన కాబట్టి సన్నటి చెక్కడానికి అనువు.

పొడిపరీక్ష:
ల్యాబ్‌కి పంపేటట్టయితే జాగ్రత్త. మన ఖోండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజం కుళ్లి కేవోలిన్ అనే తెల్ల మట్టి అవుతుంది. ఎక్స్‌రే పరీక్షలో (ఖనిజంలోని అణు పొరల మధ్య దూరాలను గ్రాఫులో శిఖరాలుగా చూపేది) కేవోలిన్‌కి 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర శిఖరం వస్తుంది. ఇనుము ఎక్కువున్న క్లోరైట్‌కీ అక్కడే బలంగా వస్తుంది, దాని 14 ఆంగ్‌స్ట్రామ్‌ల శిఖరం మాత్రం బలహీనం. అందుకే ఒకదాన్ని ఇంకొకటిగా రాసేస్తుంటారు. అదే నమూనాను 550 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసి మళ్లీ చూడమనండి. కేవోలిన్ శిఖరం పోతుంది, క్లోరైట్ 14 పెరుగుతుంది. 14 కాస్తా 10కి జారితే అది వెర్మిక్యులైట్ అనే వేరే ఖనిజం.

సూక్ష్మదర్శినిలో చూడటానికి రాతి పలుచని కోత తీయిస్తే ముందు ఎపాక్సీ జిగురు పట్టించాలి. లేకపోతే 30 మైక్రాన్లకు అరిగేలోపే రేకులు ఊడి రంధ్రాలు మిగులుతాయి.

రాతిపలక:
ఇంకొకటి. క్లోరైట్ పూసుకున్న పగులు తడిస్తే బాగా జారుతుంది. ఆ పగుళ్ల వాలు రోడ్డు వైపే ఉంటే, వానలు పడ్డ రోజుల్లో ఆ రోడ్డు కోత కింద నిలబడి నమూనాలు తీయకండి.