మందులకు లొంగని షుగర్, 112 కిలోల బరువు: బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

జాజిపూలు:
సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) దాదాపు 45. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలకు తోడు ఇన్సులిన్ తీసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్) 9 కంటే కిందికి దిగడం లేదు. నిద్రలో ఊపిరి ఆగిపోతున్నదని పరీక్షలో తేలినందువల్ల రాత్రిళ్లు ఊపిరి ఆడేలా గాలి పంపే సీప్యాప్ యంత్రం పెట్టుకుని పడుకుంటున్నాను. గుండెల్లో మంట కూడా తరచుగా ఉంటుంది. చిరుధాన్యాలు తిన్నాను, రాత్రి భోజనం మానేశాను, కొబ్బరినూనె, నిమ్మరసంతో సాగే ఆహార పద్ధతి కూడా పాటించాను. తగ్గిన బరువు ప్రతిసారీ తిరిగి వచ్చింది. ఇప్పుడు డాక్టరుగారు స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. అత్తగారు వద్దంటున్నారు, మావారు అవునని గానీ కాదని గానీ అనడం లేదు. మేము శాకాహారులం. నేను ఏ నిర్ణయం తీసుకోవడం మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నడకబాట:
అమ్మా, మీ బాధ నాకు తెలుసు, కానీ నా సలహా సూటిగా చెబుతాను: వద్దు. స్లీవ్ అంటే జీర్ణకోశంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేయడం. ఒకసారి తీసేశాక దాన్ని తిరిగి పెట్టే వైద్యుడు లేడు. ఏ రోగమూ లేని అవయవాన్ని, అందులోనూ అన్నం అరిగించే అవయవాన్ని, మనం నాలుకను అదుపులో పెట్టుకోలేకపోయినందుకు శిక్షించడం న్యాయం కాదు. మా ఇంట్లో నాన్నగారు, ఇద్దరు అన్నలు షుగర్‌తో అవస్థ పడ్డారు. నేను తెల్లవారుజామున లేచి నడక మొదలుపెట్టి, సాయంత్రం ఆరు తర్వాత ఏమీ ముట్టకుండా ఇరవై కిలోలకు పైగా తగ్గాను. నిగ్రహం ఉంటే కత్తి అవసరం ఉండదు. ఇద్దరు పిల్లల తల్లి ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు వేయిసార్లు ఆలోచించాలి.

వేపచెట్టు:
ఆర్తీ అగర్వాల్‌ను అప్పుడే మరచిపోయారా? బరువు తగ్గే ఆపరేషన్ల ఫలితం అదే.

రెండో_ఊపిరి:
వేపచెట్టు గారూ, ఆ నటి 2015 జూన్‌లో న్యూజెర్సీలో మరణించడానికి కొన్ని వారాల ముందు చేయించుకున్నారని పత్రికల్లో వచ్చినది లైపోసక్షన్. అది చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగే సౌందర్య చికిత్స, దానివల్ల షుగర్ తగ్గదు, ఆకలీ తగ్గదు. మనం మాట్లాడుతున్నది జీర్ణకోశానికి చేసే చికిత్స గురించి. ఈ రెండింటినీ కలిపి చెప్పి, నిర్ణయం తీసుకోవలసిన మనిషిని భయపెట్టకండి.

నడకబాట గారూ, నేను బైపాస్ (జీర్ణకోశాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్న మనిషిని, ఆ అనుభవంతో చెబుతున్నాను. బరువు తగ్గిన శరీరం ఊరుకోదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి దేహం ఇన్ని దారులు వెతుకుతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణకోశం పైభాగంలోనే, స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. అందుకే ఇది కేవలం సంచి చిన్నది చేయడం కాదు, ఆకలి స్వభావాన్ని మార్చడం. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వారు అదుపులో లేని షుగర్ ఉన్న 150 మందిపై చేసిన స్టాంపీడ్ పరిశోధన ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 6కు లేదా అంతకన్నా కిందికి వచ్చినవారు మందులు మాత్రమే వాడిన వర్గంలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం. అనుభవం ఉన్న ఆసుపత్రుల్లో మొదటి నెలలో మరణం వేయిమందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు ఉంటుంది. పిత్తాశయం తీసే ఆపరేషన్‌కు మనవాళ్లు ఇంత భయపడరు, అందులో ఉండే ప్రమాదమూ దాదాపు ఇంతే.

జాజిపూలు గారూ, మీరు గుండెల్లో మంట అన్నారు. స్లీవ్ తర్వాత చాలామందిలో ఆ మంట పెరుగుతుంది, లేనివారికి కొత్తగా వస్తుంది. ఎండోస్కోపీ చేయించకుండా స్లీవ్‌కు ఒప్పుకోకండి. బైపాస్ మీకు మేలేమోనని డాక్టరుగారిని తప్పకుండా అడగండి. మోకాళ్ల నొప్పికి మాత్రలు వేసుకునే అలవాటు ఉంటే అది కూడా చెప్పండి, ఎందుకంటే బైపాస్ తర్వాత ఆ మాత్రల వల్ల కడుపులో పుండ్లు పడవచ్చు.

నడకబాట:
మీ లెక్కనే తీసుకుందాం. నూటికి 29 మంది అంటే మిగిలిన 71 మంది సంగతి ఏమిటి? స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ పోయిందని, పదేళ్లు గడిచేసరికి ఆ సంఖ్య 36 శాతానికి పడిపోయిందని నేనూ చదివాను. సగం మందికి తిరిగి వచ్చే జబ్బు కోసం తిరిగి రాని అవయవాన్ని ఇవ్వమంటారా? దీనికి సూటిగా సమాధానం చెప్పండి.

రెండో_ఊపిరి:
సూటిగానే చెబుతాను. తిరిగి వచ్చినవారిలో కూడా ఎక్కువమందికి మునుపటికంటే తక్కువ మందులు సరిపోతాయి, షుగర్ మంచి స్థితిలో ఉన్న ఆ కొన్నేళ్లూ కళ్లకు, మూత్రపిండాలకు మేలు చేస్తాయి. అదే స్వీడన్ అధ్యయనం 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోని స్థూలకాయులకంటే సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారు. మామూలు జనంతో పోలిస్తే వారి ఆయుష్షు ఇంకా తక్కువేనని కూడా అందులోనే ఉంది, దాన్ని నేను దాచడం లేదు. ఆరేళ్ల షుగర్, దానిపైన ఇన్సులిన్ కాబట్టి జాజిపూలు గారికి పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వకూడదు.

పెరటితోట:
ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఆపరేషన్ ఎందుకు?

రెండో_ఊపిరి:
మంచి ప్రశ్న. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. మౌంజారోలోని మందు టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 72 వారాలకు సగటున 21 శాతం దాకా బరువు తగ్గించింది. అది చిన్న విషయం కాదు, ఆపరేషన్‌కు ముందు ఈ మాట డాక్టరుతో మాట్లాడవలసిందే. కానీ వెగోవీలోని మందు సెమాగ్లూటైడ్ ఆపేసినవారు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. అంటే నెలనెలా ఖర్చు పెడుతూ ఏళ్ల తరబడి వాడగలమా అన్నది ఇల్లు చూసుకుని తేల్చుకోవాలి.

లెక్కలమాస్టారు:
ఇన్సూరెన్స్ ఇస్తారా?

రెండో_ఊపిరి:
బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియా వంటివి ఉండి ఇతర పద్ధతులు విఫలమై ఉంటే పాలసీ వర్తించాలి. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగవలసిన కాలం) పూర్తయిందో లేదో చూసుకోండి. పాత చీటీలు, డైట్ ప్రయత్నాల రికార్డులు పారేయకండి.

గోదారి_అక్కయ్య:
నేను ఇక్కడ రాయకూడదనే అనుకున్నాను. మా తమ్ముడు స్లీవ్ చేయించుకున్నాడు. మూడో వారం నుంచి వాంతులు మొదలయ్యాయి, నీళ్లు కూడా నిలిచేవి కావు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే కౌంటర్‌లో ఉన్నవారు మొదట్లో అందరికీ అలాగే ఉంటుందని చెప్పి పెట్టేశారు, డాక్టరుతో మాట్లాడించలేదు. కొన్నాళ్లకు కాళ్లు పట్టు తప్పాయి, చూపు రెండుగా కనిపించసాగింది. వేరే చోట చేర్పిస్తే బి1 విటమిన్ పూర్తిగా అడుగంటిందని, దానివల్ల మెదడు, నరాలు దెబ్బతిన్నాయని చెప్పారు. బతికాడు. ఇప్పటికీ కర్ర లేకుండా మెట్లు ఎక్కలేడు.

నడకబాట:
చూశారా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 2024 ఏప్రిల్‌లో చెన్నైలో బరువు తగ్గే ఆపరేషన్‌కు వెళ్లిన పుదుచ్చేరి యువకుడు చనిపోతే తమిళనాడు ప్రభుత్వమే విచారణ జరిపింది. నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే. నిగ్రహంతో పోయేదానికి కత్తిని ఆశ్రయిస్తే ఇలాగే జరుగుతుంది.

గోదారి_అక్కయ్య:
నడకబాట గారూ, మా తమ్ముణ్ణి మీ వాదనకు వాడుకోకండి. మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. అంతగా వాంతులు అవుతున్నా వాడు రెండు వారాలు మాతో కూడా చెప్పలేదు. ఆపరేషన్ సంగతి ఆఫీసులో దాచాడు, అత్తవారింట్లో దాచాడు, చివరికి మా పెద్దనాన్నకు హెర్నియా అని చెప్పించాడు. ఎందుకో తెలుసా? తిండి ఆపుకోలేక పొట్ట కోయించుకున్నాడని అంటారని. పెళ్లిళ్లలో, బంతి భోజనాల్లో, చిన్నప్పటి నుంచి వాడి విస్తరివైపు చూసిన ప్రతి చూపూ ఆ మాటే అంది. మీరు ఇక్కడ రెండుసార్లు నిగ్రహం అన్నారు. ఆ మాటకు భయపడే వాడు నోరు మూసుకున్నాడు. ఆపరేషన్ వాడిని అంత దెబ్బ తీయలేదు, ఆసుపత్రి నిర్లక్ష్యం, వాడి మౌనం రెండూ కలిసి తీశాయి.

నడకబాట:
అంటే మీ తమ్ముడికి జరిగినదానికి నేను బాధ్యుణ్ణా? ముక్కూ ముఖమూ తెలియని మనిషిపై ఇంత నింద వేయడం సంస్కారం కాదు. మా అన్న షుగర్‌తో కాలు పోగొట్టుకున్నాడు. జబ్బు మనిషి చేతిలో లేదని డాక్టరు ఒక్కసారి అనగానే వాడు నడక మానేశాడు, పథ్యం మానేశాడు, నాదేముంది అంతా ఒంటి తీరే అన్నాడు. నేను కళ్లారా చూశాను. అందుకే నిగ్రహం అన్న మాటను నేను వదలను. మనిషి చేతిలో ఏమీ లేదని చెప్పే వైద్యాన్ని నేను నమ్మను. ఇంకొక మాట, ఇంటి పెద్దలు వద్దంటుండగా, భర్త ఔననకుండా కోడలు ఇటువంటి నిర్ణయం తీసుకోవడం ఇంటికి మంచిది కాదు.

నిర్వాహకులు:
వ్యక్తిగత నిందలు ఇంతటితో ఆపవలసిందిగా కోరుతున్నాము. ప్రశ్న అడిగినవారి విషయంలోనే ఉండండి.

రెండో_ఊపిరి:
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది. ఇంతసేపూ మనం శాతాల గురించి పోట్లాడాం. నడకబాట గారి అభ్యంతరం శాతాల మీద కాదు, ఎవరు నిర్ణయించాలన్న దాని మీద. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తెలివిలో ఉండి నిర్ణయించుకోగల వయోజనురాలైన రోగి సమ్మతే కావాలి, ఆమె బదులు ఇంట్లోవాళ్లు ఇచ్చే సమ్మతి చెల్లదు. శరీరం ఆమెది, సంతకమూ ఆమెదే. అయితే మనిషి చేతిలో ఏమీ లేదని నేను ఎక్కడా అనలేదు. ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినాలి, శాకాహారి అయితే పెసలు, పనీర్, పెరుగు, సోయా, ప్రొటీన్ పొడి లెక్కగట్టి తినాలి, ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి బతికినంత కాలం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇది నిగ్రహం కాక మరేమిటి?

నడకబాట:
సంతకం ఆమెదే కావచ్చు. ఆపరేషన్ తర్వాత రెండు వారాల పాటు పూటపూటకూ వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగ తయారుచేసి చేతికి ఇచ్చేది ఎవరు? కోర్టు కాదు.

జాజిపూలు:
మీ అందరి మాటలూ ఒకటికి రెండుసార్లు చదివాను. నడకబాట గారి చివరి ప్రశ్నే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, అయితే ఆయన అనుకున్న విధంగా కాదు. నేను మొదట రాయని సంగతి ఒకటి ఉంది. మావారు మొన్న రాత్రి చేయించుకోమనే అన్నారు, కానీ బంధువులకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని చెబుదామని, అత్తగారికి కూడా అదే చెబుదామని అన్నారు. అప్పుడు నాకు అది తేలికైన దారిగా తోచింది. అక్కయ్యగారు రాసినది చదివాక ఆ షరతుతో నేను ఆపరేషన్ చేయించుకోకూడదని తేల్చుకున్నాను. ఇంట్లో అబద్ధం చెప్పి నెలల తరబడి వేరే తిండి తినడం, ఏ మాత్ర ఎందుకో చెప్పకుండా వేసుకోవడం, ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని పిలవాలో తెలియకుండా ఉండడం నావల్ల కాదు. వచ్చే వారం ఎండోస్కోపీ చేయిస్తారు. డైటీషియన్ దగ్గరికి మావారిని, అత్తగారిని కూడా తీసుకువెళతాను. స్లీవా, బైపాసా, మరికొంత కాలం ఇంజెక్షనా అన్నది ఆ తర్వాత. వాళ్లు రాకపోతే మా చెల్లెలు వస్తానంది. చేయించుకోవాలన్న నా నిర్ణయం మాత్రం మారలేదు.

నడకబాట:
నా అభిప్రాయమూ మారలేదమ్మా. అయినా అత్తగారిని వెంట తీసుకువెళ్లడం మంచి పని.

గోదారి_అక్కయ్య:
జాజిపూలు గారూ, ఒప్పుకునే ముందు రాత్రిపూట పలికే డాక్టరు నంబరు రాసి ఇమ్మని ఆసుపత్రిని అడగండి. ఇవ్వకపోతే ఇంకొక చోటు చూసుకోండి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే అందరికీ ఉండేదేనని ఎవరన్నా ఊరుకోకండి, వెంటనే వెళ్లండి. అక్కడ గ్లూకోజ్ సీసా ఎక్కించేలోపే బి1 ఇంజెక్షన్ ఇవ్వమని మీతో వచ్చినవారు అడగాలి, ఎందుకంటే ముందు గ్లూకోజ్ ఎక్కితే లోపం ముదురుతుంది. ఈ మాట మీ చెల్లెలికి ఇప్పుడే చెప్పి ఉంచండి.