అష్టమి నాడు చంద్రుణ్ణి చూసి మా అమ్మ అడిగిన మాట

మేడమీద మాస్టారు:
నేను తిరుపతిలో లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటాను. మొన్న అష్టమి నాడు మేడ మీద చిన్న టెలిస్కోపు పెట్టి అమ్మకి చంద్రుణ్ణి చూపించాను. (పౌర్ణమి నాడు చూస్తే ఏమీ తేలదు. సగం చంద్రుడప్పుడే వెలుగూ చీకటీ కలిసేచోట నీడలు పడి గుంతలు లోతుగా కనిపిస్తాయి.) అమ్మ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసి, "ఏందిరా ఇది, చంద్రుడికి కూడా అమ్మవారు పోసిందా?" అంది. అంటూనే చెయ్యి తన చెంప మీదికి పోయింది. చిన్నప్పుడు ఆమెకి పెద్దమ్మవారు (మశూచి) పోసి ముఖమంతా గుంతలు పడ్డాయి. పెళ్ళిచూపులకొచ్చిన ఇద్దరు ఆ మాట ఎదురుగానే అనేసి లేచిపోయారంట.

ఎనిమిదో తరగతి చదివే మావాడు వెంటనే, "దేవుడు చేసిందైతే నున్నగా ఉండాలి కదా నాయనమ్మా" అన్నాడు. పక్క మేడ మీది పెద్దాయన అది విని నన్ను తగులుకున్నాడు. సృష్టిలో లోపాలు చూపించి పిల్లోడి బుర్ర చెడగొడుతున్నానంట. పైనుండేది మచ్చ లేకుండా, గుండ్రంగా ఉండి తీరాలని అసలు ఎవరన్నారు? మన పురాణాల్లో ఉందా, ఇంకెక్కణ్ణుంచైనా తలలోకి దూరిందా?

రిటైరైన ఫిజిక్స్ సార్:
మాస్టారూ, ఆ పట్టుదల అరిస్టాటిల్‌ది. చంద్రుడికి కిందున్నదంతా పుట్టి చెడిపోయేది, పైనున్నదంతా మార్పులేనిది, వృత్తాల్లో తిరిగేది అని ఆయన లెక్క. యూరప్ మతపండితులు దాన్ని తమ నమ్మకంలో కలుపుకున్నారు. 1609 చివర్లో గెలీలియో చూసింది కూడా మీరు చెప్పిన ఆ వెలుగుచీకట్ల గీత దగ్గరే. చీకటివైపు విడిగా మెరిసే చుక్కలు కొండ శిఖరాలని పట్టుకుని, ఎత్తు కూడా లెక్కగట్టాడు. మింగుడుపడక కొలంబే అనే ఆయన, గుంతల మీద కంటికి కనపడని స్ఫటికం పరుచుకుని ఉంది కాబట్టి చంద్రుడు నున్ననే అని వాదించాడు. అలాగైతే కనపడని స్ఫటికంతో పెద్దపెద్ద కొండలున్నాయని నేనూ అంటాను, కాదని చెప్పు అన్నట్టు గెలీలియో ఎత్తిపొడిచాడు. తమాషా ఏమంటే, 1612కల్లా రోములోనే, సాంటా మారియా మజ్జోరే చర్చి గుమ్మటం లోపల, గెలీలియో స్నేహితుడు చిగోలి మేరీమాత పాదాల కింద గుంతల చంద్రుణ్ణే గీశాడు.

కొండకింద భక్తుడు:
టెలిస్కోపులో దేవుడు దొరకడు సార్. పెద్దాయన బాధ కూడా కొంచెం అర్థం చేసుకోండి.

చిత్తూరు కోడలు:
అన్నా, ఆ పెద్దాయన ఇంట్లో శ్రీవారి పటం ఉండే ఉంటుంది, దాన్నే ఒకసారి చూడమనండి. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం ఎందుకు పెడతారు? అనంతాళ్వారు అనే భక్తుడు చెరువు తవ్వుతూ విసిరిన గునపం తగిలి రక్తమొచ్చిందనే కదా. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకే ఉంది, క్యూ తోపులాటలో ఎవరూ తలెత్తి చూడరు. ఇక చంద్రుడంటారా, దక్షుడి శాపం ఒకటి, వినాయకుడి శాపం ఒకటి. మచ్చ లేని చంద్రుడు మనకెప్పుడున్నాడు?

అలాగని మనవాళ్ళకి అంతా ముందే తెలుసని మాత్రం నేననను. గుంతల్ని చూపించింది టెలిస్కోపే. మాకూ గంగజాతర ఉంది, ఏటా అంబలి పోస్తాం. మశూచి పోయింది మాత్రం టీకాతోనే. మన దేశంలో చివరి కేసు 1975లో, ప్రపంచంలోనే లేదని ప్రకటించింది 1980లో. జాతర మానలేదు, మా పిల్లలకి టీకాలూ మానలేదు.

మేడమీద మాస్టారు:
అన్నీ అమ్మకి చదివి వినిపించాను. గునపం మాట దగ్గర "అవును కదరా" అని కాసేపు ఊరుకుంది. తర్వాత ఆ గుంతలకి పేర్లున్నాయా అని అడిగింది. ఉన్నాయమ్మా, నువ్వు నడిమి గీత పక్కన చూసిన పెద్దది టాలెమీ అన్నాను. గ్రహాలు వృత్తాల మీద వృత్తాలు వేసుకుని తిరుగుతాయని లెక్కలు కట్టినాయన పేరు పోయి పోయి ఒక గుంతకి తగిలింది! 1651లో ఆ పేరు పెట్టిన రిచ్చోలి కూడా చర్చి ఫాదరే. అడ్డంగా 150 కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఇక్కణ్ణుంచి చెన్నై పోయినా ఇంకా మిగులుతుందని చెప్పాను.

"అంత గుంతా? నావి నయమేరా" అని నవ్వింది.