రెండేళ్లు వదిలేసిన సాల్ట్‌వాటర్ ట్యాంకు, రీఫ్ (పగడాల ట్యాంకు) చేయాలని ఉంది (హన్మకొండ)

సుబేదారి_నీలం
అందరికీ నమస్కారం. మా బావగారు క్లినిక్ మూసేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోతూ ఆయన ఉప్పునీటి ట్యాంకు నాకు ఇచ్చారు. పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు రెండడుగులు. రెండేళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా క్లినిక్ కుర్రాడు ఉప్పు కలిపిన నీళ్లే పోస్తూ వచ్చాడట. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే 43 పీపీటీ (వెయ్యి పాళ్లలో 43 పాళ్లు ఉప్పు)! రాళ్ల నిండా అయిప్టేసియా (కలుపులా పెరిగే మెత్తటి జీవి), ఇసుక అడుగున నల్లటి చారలు. ఇంత జరిగినా ఒక క్లౌన్ ఫిష్, ఒక డామ్సెల్ బతికే ఉన్నాయి. వాటి మొహం చూసే ఈ పని నెత్తికెత్తుకున్నాను. వచ్చే ఆదివారం ట్యాంకు ఇంటికి తేవాలి.
ఇసుక మొత్తం తీసేయాలా? పాత రాళ్లు పనికొస్తాయా? చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదా? ఇప్పుడున్న ట్యూబులైట్లు చాలా? మొదట ఏ కోరల్ (పగడం) పెట్టాలి?

కాజీపేట_జంక్షన్
తమ్ముడూ, చేపలు లోపల ఉండగా ఆ ఇసుకలో చెయ్యి పెట్టకు. నేను పెట్టాను. అడుగున ప్రాణవాయువు అందని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. నేను సాయంత్రం ఇసుక కలియబెట్టి శుభ్రం చేశాననుకున్నాను. పొద్దున లేచేసరికి ఏడు చేపలూ పక్కకు తిరిగి తేలుతున్నాయి. వాటిలో ఐదేళ్లుగా పెంచిన టాంగ్ ఒకటి. ఎట్లాగూ ట్యాంకు కదుపుతున్నావు కాబట్టి ముందు పైనీళ్లు సైఫన్‌తో తీసి పెట్టుకో, చేపలను, రాళ్లను ఆ నీళ్లలోకి మార్చు, ఇసుక మొత్తం పారెయ్. కొత్త ఇసుక ఒక అంగుళం చాలు. నైట్రేట్ తినే బ్యాక్టీరియా పోతుందని కొందరు భయపెడతారు కానీ అసలు బలం రాళ్లలో ఉంటుంది.

మానేరు_తీరం
14 ఏళ్లుగా ఉప్పునీటి ట్యాంకులు చేస్తున్నాను. కరీంనగర్‌లో హోటళ్లకు, ఆసుపత్రులకు పెట్టింది నేనే. పాత రాళ్లు మొత్తం యాసిడ్‌లో ముంచు, కడుగు, మళ్లీ పెట్టు. అయిప్టేసియా, ఫాస్ఫేట్ అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. తర్వాత క్యాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) కోసం వేలకు వేలు పోసి సీసాలు కొనకు. పాన్ డబ్బాలో దొరికే సున్నం నీళ్లలో కలిపి, పైన తేరుకున్న నీళ్లు పోసుకో. బయటి దేశాల్లో కాల్క్‌వాసర్ అని అమ్మేది అదే.

కెమిస్ట్రీ_మేడం
పాన్ సున్నమా? దయచేసి ఎవరూ అలా చేయకండి. కాల్క్‌వాసర్ అంటే క్యాల్షియం హైడ్రాక్సైడ్, అది నిజమే. కానీ డబ్బాలో ఉన్న ముద్ద ఎంతవరకు హైడ్రాక్సైడ్, గాలి తగిలి ఎంత కార్బొనేట్ అయిపోయింది, మెత్తదనానికి ఏం కలిపారు, ఇవేవీ డబ్బా మీద రాసి ఉండవు.

మానేరు_తీరం
మేడం, మా అమ్మమ్మ 60 ఏళ్లు అదే సున్నం తిన్నది. మనుషులకు పనికొచ్చేది చేపలకు పనికిరాదా? మూడు ట్యాంకులు దీని మీదే నడుస్తున్నాయి, వచ్చి చూడండి.

కెమిస్ట్రీ_మేడం
మనిషి తినేది వేలి మీద కొంచెం. పైగా మనిషి నీళ్లలో మునిగి బతకడు. లీటరు నీటిలో దాదాపు ఒకటిన్నర గ్రాముల సున్నమే కరుగుతుంది. ఆ తేట నీటి పీహెచ్ 12 దాటి ఉంటుంది. రాత్రిపూట చుక్కలు చుక్కలుగా పోయాల్సింది. గ్లాసుతో ఒక్కసారి పోస్తే నీళ్లు పాలలా తెల్లబడి, ఆల్కలినిటీ, క్యాల్షియం రెండూ ఒకేసారి పడిపోతాయి. కాలేజీ ల్యాబ్ ట్యాంకులో మా పిల్లలు చేసిన పొరపాటే ఇది. ఆ రోజు పోయిన చేపలను నేనే తీశాను.

ఎనుమాముల_రవ్వ
మానేరు అన్న చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. అంత ఎక్కువ పీహెచ్‌లో మెగ్నీషియం, చాలా లోహాలు కరగకుండా అడుగుకు చేరతాయి. అందుకే కాల్క్ ఎవరిదైనా అడుగు కదపకుండా పైతేటే వాడతారు. సున్నం బట్టీ దగ్గర దొరికే రాతి సున్నం నేను రెండేళ్లు వాడాను, ఏమీ కాలేదు.

కెమిస్ట్రీ_మేడం
మీకు ఏమీ కాలేదంటే అది మీ అదృష్టం. ఇంకొకరి చేపల మీద ప్రయోగం చేయమని ఎలా చెప్తారు? అసలు విషయం వినండి. ఈయన ట్యాంకులో ఒక్క కోరల్ కూడా లేదు. క్యాల్షియం ఖర్చు పెట్టే ప్రాణే లేనప్పుడు సున్నం ఎందుకు? ట్యాంకుల కోసం అమ్మే కొత్త ఉప్పుతో నీళ్లు మారిస్తే చాలు, క్యాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాని కొలత) దగ్గర అదే నిలబడుతుంది. అవసరం లేని చోట డోసింగ్ నేర్పించే పెద్దమనుషుల మీదే నాకు కోపం.

మానేరు_తీరం
నేను పెద్దమనిషిని అని చెప్పుకోలేదు. పని చేసి చూపించాను.

పాకాల_చలువ
సున్నం గొడవ కాస్త ఆపండి. మే నెల గురించి ఎవరైనా మాట్లాడతారా? మన దగ్గర బయట 44, 45 డిగ్రీలు. ట్యాంకు 26 దగ్గర ఉండాలి. 30 దాటి కొన్ని రోజులుంటే కోరల్ తన లోపలి నాచును వదిలేసి తెల్లబడిపోతుంది. నేను మొదటి ఏడాది చిల్లర్ లేకుండా నీటి మీదకు రెండు ఫ్యాన్లు పెట్టాను. రెండు, మూడు డిగ్రీలు తగ్గాయి కానీ రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు ఆవిరైపోయాయి. సుబేదారి తమ్ముడూ, మీ క్లినిక్ కుర్రాడు చేసిన తప్పు ఇక్కడే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గినప్పుడు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. జూలైలో గాలిలో తేమ పెరిగితే ఫ్యాన్ కూడా పనిచేయదు. చివరికి చిల్లర్ కొన్నాను. అది వేడిని గదిలోకే వదులుతుంది, కాబట్టి బాల్కనీలో పెట్టి పైపులు లోపలికి తెచ్చాను.

కాజీపేట_జంక్షన్
43 నుంచి 35కి ఒక్క రోజులో దింపొద్దు. రోజుకు ఒకటి, రెండు పీపీటీ. రిఫ్రాక్టోమీటర్‌ను ముందు 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకో.

నయీంనగర్_నాలా
కరెంటు సంగతి కూడా రాసుకో అన్నా. 2023 జూలై వానలప్పుడు మా వీధిలో నీళ్లు మోకాలి పైకి వచ్చాయి, కరెంటు ఒక పగలు, ఒక రాత్రి లేదు. ఇన్వర్టర్ ఆరు గంటలకు ఆగిపోయింది. పంపు ఆగితే ప్రాణవాయువు పడిపోతుంది, ఉప్పునీటిలో అది మంచినీటి కంటే తక్కువే కరుగుతుంది. మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూ నేను, మా అమ్మ రాత్రంతా మేల్కొని ఉన్నాం. హ్యామర్ కోరల్ పోయింది, చేపలు మిగిలాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఆ రాత్రి వేరేగా ఉండేది. ఇప్పుడు మూడు పెట్టుకున్నాను.

సూర్యలంక_రైలు
ఉప్పు కొనడం దండగ. నేను చెన్నై లైన్ రైల్లో బాపట్ల వెళ్లి క్యాన్లతో సముద్రం నీళ్లు తెచ్చుకుంటాను. దేవుడిచ్చిన నీళ్లలో లేనిది ప్యాకెట్‌లో ఏముంటుంది?

ఎనుమాముల_రవ్వ
ఒడ్డున ముంచిన నీళ్లా? వానాకాలంలో నదుల నీళ్లు కలిసి ఉప్పదనం తగ్గి ఉంటుంది, మురుగు వేరే. పడవలో లోపలికి వెళ్లి తెచ్చి, వడకట్టి, చీకట్లో పెట్టుకుంటే సరే. 300 లీటర్ల ట్యాంకుకు నెలకు 60 లీటర్లు ఎన్నిసార్లు మోస్తారు?

సుబేదారి_నీలం
మరి కల్లుప్పు? మా నాన్న అదీ సముద్రం ఉప్పే కదా అంటున్నారు.

కెమిస్ట్రీ_మేడం
కాదు. మడుల్లో నీరు ఇగిరేటప్పుడు క్యాల్షియం లవణాలు ముందే అడుగున పడిపోతాయి, మెగ్నీషియం చివరి చేదు నీళ్లలో ఉండిపోతుంది. మధ్యలో తీసేది దాదాపు సోడియం క్లోరైడే. నాన్నగారికి ఇలాగే చెప్పండి, అర్థం చేసుకుంటారు.

గోదారి_గట్టు
మాది మంచిర్యాల. కోరల్స్‌కి ఇంత ఆలోచన ఎందుకు? రామేశ్వరం వైపు తెలిసినవాళ్లు ఉన్నారు, బతికున్న కొమ్మ ఒకటి సంచిలో పంపిస్తారు.

పాకాల_చలువ
ఈ మాట ఇక్కడ వద్దు. మన సముద్రంలోని గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. దొరికితే మూడేళ్లకు తక్కువ కాని జైలు.

గోదారి_గట్టు
అందరూ పెడుతున్నారు, నాకొక్కడికే చట్టమా?

పాకాల_చలువ
అందరూ పెట్టడం లేదు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం బట్టీల కోసం పగడాలను టన్నుల కొద్దీ తవ్వుకుపోయారు. 1986లో అక్కడ జాతీయ పార్కు చేసినా దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదు. దానికి తోడు ఎండలకు తెల్లబడుతున్నాయి. ఆ కొమ్మ మన సంచిలో ఎక్కిన రోజే సగం చచ్చిపోతుంది. నాకు కోరల్స్ మీద ప్రేమ ఉంది కాబట్టే కోపం వస్తోంది. బయటి దేశాల నుంచి వచ్చే గట్టి కోరల్‌కు కూడా సైటీస్ (అరుదైన జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు ఉండాలి. 2022 సవరణ తర్వాత అలాంటి జాతులు ఇంట్లో ఉంటే నమోదు చేసుకోవాలి. కొనేముందు బిల్లు, కాగితాలు అడగండి.

సుబేదారి_నీలం
ఆదివారం పని అయింది. ఇసుక ఎత్తుతుంటే గదంతా వాసన, కిటికీలు తెరిచి చేశాం. చేపలు క్షేమం. నైట్రేట్ కిట్‌లో ఆఖరి రంగు, ఫాస్ఫేట్ 0.9. ఒక్కటే టెన్షన్. స్టాండు అరలో ఖాళీ రాగి మందు సీసా దొరికింది. చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే ఎప్పుడో పోసి ఉంటారు. ఇక కోరల్స్ బతకవా?

మానేరు_తీరం
రాగి పడితే రాయి పారెయ్యాల్సిందే. ఇది నా మాట.

కాజీపేట_జంక్షన్
అంత తొందరెందుకు? రాత్రి టార్చ్‌తో రాళ్ల కింద చూడు. ముళ్ల పురుగులు తిరుగుతున్నాయా? అవి, అయిప్టేసియా ఇన్నాళ్లు బతికాయంటే నీళ్లలో రాగి పెద్దగా లేదు. రాగికి ముందు పోయేవి వెన్నెముక లేని ప్రాణులే. రాగి టెస్ట్ కిట్ వాడు, ఒక నత్తను తెచ్చి రెండు వారాలు ఉంచు.

నయీంనగర్_నాలా
రాళ్లను మాత్రం ఉడకబెట్టకు అన్నా. రాళ్లకు పట్టే జొయాంథిడ్ అనే మెత్తటి జీవుల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు బయటి దేశాల్లో ఉన్నాయి. గీరేటప్పుడు కూడా గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకో.

కెమిస్ట్రీ_మేడం
యాసిడ్ కూడా ఇప్పుడు వద్దు, బ్యాక్టీరియా మొత్తం పోయి మళ్లీ సైకిల్ (చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా పెరగడం) మొదటికొస్తుంది. ఎప్పుడైనా చేస్తే బ్లీచ్‌తో యాసిడ్ కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఫాస్ఫేట్ రాయిలోంచి నెలల పాటు ఊరుతూనే ఉంటుంది, జీఎఫ్‌వో (ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలు), నీళ్ల మార్పిడి ఓపిగ్గా చేయండి. సున్నా చేయాలని మాత్రం చూడొద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో డైనోలు (జిగురులా పట్టే సూక్ష్మజీవులు) వస్తాయి, వాటితో వేగడం కష్టం.

ఎనుమాముల_రవ్వ
ఇంటి ఆర్వో నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 60, 70 చూపిస్తాయి, రుచికని ఖనిజాలు కలుపుతారు. చివర డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేది) పెట్టి సున్నాకు తీసుకురావాలి.

సుబేదారి_నీలం
పురుగులు ఉన్నాయి! రాత్రి పదకొండున్నరకు చూశాను, కనీసం పది. టెస్ట్ కిట్‌లో రాగి కనబడలేదు. నత్తను తెచ్చాను, ఇవాళ్టికి 16 రోజులు, అద్దం మొత్తం తిరుగుతోంది. ఉప్పు 35కి వచ్చింది. అయిప్టేసియా ఒకటి గోకి చూశాను, వారానికి అక్కడే నాలుగు వచ్చాయి.

మానేరు_తీరం
గోకొద్దు. ముక్క మిగిలితే మళ్లీ పుడుతుంది. సున్నం చిక్కటి ముద్ద చేసి, పంపులన్నీ ఆపి, సిరంజితో దాని నోటి మీద పెట్టు. పావుగంట తర్వాత పంపులు వెయ్యి.

కెమిస్ట్రీ_మేడం
ఈ విషయంలో మానేరు గారు చెప్పింది సరైన పద్ధతి. ఒక రోజుకు నాలుగైదు మించకుండా చేయండి, పీహెచ్ చూసుకోండి. నా దగ్గర ల్యాబ్ గ్రేడ్ సున్నం ఉంది, హన్మకొండే కాబట్టి ఇస్తాను.

మానేరు_తీరం
మేడం దగ్గరదే తీసుకో తమ్ముడూ.

పాకాల_చలువ
పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా అయిప్టేసియాను తింటాయి, రాగి లేదని తేలింది కాబట్టి రెండు వేసుకో. మొదటి కోరల్‌గా మష్రూమ్ పెట్టు. నా దగ్గర నాలుగు పిల్లలు వచ్చాయి, రూపాయి వద్దు. శనివారం హన్మకొండ బస్టాండుకు డబ్బా తీసుకుని రా, నర్సంపేట బస్సులో సాయంత్రం ఐదింటికి దిగుతాను.

సుబేదారి_నీలం
వస్తాను అక్కా. డబ్బాలో ట్యాంకు నీళ్లే తెస్తాను. లైట్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సూర్యలంక_రైలు
సంక్రాంతికి బాపట్ల వెళ్తున్నాను, పడవలో లోపలికి వెళ్లే తెస్తాను. ఎవరికైనా నీళ్లు కావాలా?