కొత్త మిడ్‌వైఫ్‌ని, ఈ టీమ్‌లో ఇప్పుడే చేరొచ్చా?

ప్రశ్న: అక్కలూ, బెంగళూరులో మిడ్‌వైఫరీ కోర్సు ఇప్పుడే అయింది. మొదటి చెకప్ నుంచి కాన్పు, బాలింత సంరక్షణ దాకా తల్లిని ఒకే మిడ్‌వైఫ్ చూసుకునే టీమ్‌లోకి రమ్మంటున్నారు. ఇష్టమే, కానీ అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎలా అని టెన్షన్. ముందు లేబర్ రూమ్‌లో కొన్నాళ్లు చేయాలా?

జవాబు: ఆగక్కర్లేదమ్మా, చేరు. మొదట్లో తక్కువమంది తల్లులు, ప్రతి కాన్పుకీ సీనియర్ తోడు, సెలవు రోజున నీ ఫోన్ ఇంకొకరికి, ఇవి ముందే మాట్లాడుకో. పార్టోగ్రాఫ్‌లో, అంటే కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్టులో, గీత అలర్ట్ లైన్ (కాన్పు నెమ్మదిస్తోందని చెప్పే హెచ్చరిక గీత) దాటితే సీనియర్‌ని నిద్ర లేపడానికి అస్సలు మొహమాటపడకు.

ఇంకో జవాబు: 2016 కాక్రేన్ సమీక్షలో (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే పరిశీలన) ఇలా ఒకే మిడ్‌వైఫ్ చూసుకునే పద్ధతితో నెలలు నిండని కాన్పులు 24 శాతం తక్కువని తేలింది. పైగా ఇక్కడ కన్నడ రాని మన తెలుగు తల్లులు లేబర్ రూమ్‌లో నోరు విప్పరు, తెలిసిన మనిషి పక్కనుంటే బ్లీడింగ్ అవుతోందని వెంటనే చెప్తారు.